మా గడప దగ్గర చెకింగ్

పెళ్ళయిన మొదటి నెలలోనే మా ఆయన దొంగతనం చేసి పట్టుబడ్డాడనుకుని పదిమందిలో నిలబడి ఏడ్చాను. నవ్వితే నవ్వండి. నేను దుమ్ముగూడెం అవతల అడవి అంచు ఊళ్ళో పుట్టినదాన్ని. ఈ బొగ్గు ఊళ్ళో గనిని బాయి అంటారని, మగవాళ్ళు షిఫ్టుల లెక్కన అందులోకి దిగి వస్తారని తప్ప నాకేమీ తెలియదు. ఆ రోజు ఆయన అన్నం క్యారియర్ మరిచిపోయి ఫస్ట్ షిఫ్ట్‌కు పోయాడు. నేను క్యారియర్ పట్టుకుని పరుగెత్తాను. వెళ్ళేసరికి బాయి ముందు మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఒకాయన ఒక్కొక్కరి జేబులు, నడుము, భుజం మీది తువ్వాలు తడిమి చూస్తున్నాడు. మా ఆయన వంతు రాగానే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. నేను అక్కడే ఘొల్లుమన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు. "లోపల గ్యాస్ ఉంటదే పిచ్చిదానా. ఎవడన్న అగ్గిపుల్ల గీస్తే అందరం పోతం. బీడీకట్ట, అగ్గిపెట్టె పైన్నే పెట్టి దిగాలె. గదే చెకింగ్" అన్నాడు. చెబుతూనే బీడీ ముట్టించాడు.

ఆ బీడీ మీద కోపం తెచ్చుకునే అర్హత నాకుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఎండాకాలం వస్తే మా ఊళ్ళో ఇంటిల్లిపాదీ తునికాకుకు పోయేవాళ్ళం. తెల్లారేసరికి అడవిలో ఉండాలి. కోసుకొచ్చిన ఆకును నీడన కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో ఎండేసేవాళ్ళం. ఆ ఆకులోనే పొగాకు చుట్టి బీడీ చేస్తారు. మంచి ఆకేదో, పనికిరాని చిల్లాకేదో కళ్ళు మూసుకుని వేలితో చెప్పగలిగేదాన్ని. నా చేతి ఆకుకు మా అమ్మ మురిసిపోయేది. అది చివరికి ఎవరి నోటికి పోతుందో అప్పుడు ఆలోచించలేదు. ఆకు కోసేవాళ్ళు ఎవరూ ఆలోచించరు.

ఆయన ముప్పై ఏళ్ళు బాయి దిగాడు, ముప్పై ఏళ్ళు బీడీలు తాగాడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కాలనీ చివర రెండు గదుల ఇంట్లోకి మారాం. బాయి పోయింది. బీడీ పోలేదు, దగ్గు పోలేదు, బెల్లం పోలేదు.

బెల్లం సంగతి చెప్పాలి. బాయి పనివాళ్ళ ఇళ్ళలో ఒక వాడుక ఉంది. షిఫ్ట్ దిగి రాగానే మగమనిషి నోట్లో బెల్లంముక్క పెట్టాలి. గొంతులో దుమ్ము దిగిపోతుందని నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు గానీ, ముప్పై ఏళ్ళు ఒక్క రోజు తప్పకుండా పెట్టాను. దగ్గితే నల్లగా పడేది. ఈ కాలనీలో అందరికీ అంతే. మిగతా ఊళ్ళలో మగవాళ్ళకు మీసం ఎట్లాగో ఇక్కడ నల్ల ఉమ్మి అట్లా. రిటైరయ్యి మూడేళ్ళయినా దగ్గు తగ్గకపోతే, "ముప్పై ఏండ్ల బొగ్గు మూడేండ్లల్ల పోతదా?" అనేవాడు. నేనూ అదే నిజమనుకున్నాను.

ఆ వానాకాలం ఉమ్మి రంగు మారింది. నలుపు పోయి ముదురు గోధుమ రంగు, అచ్చం బెల్లం రంగు. మేమిద్దరం కలిసి కనిపెట్టిన కారణం కూడా అదే, బెల్లం ఎక్కువైందని. "నల్లబెల్లం పెడుతున్నవే, రంగు దిగుతుంది" అన్నాడు. ఏన్కూరులో ఉన్న మా ఆడబిడ్డతో చెప్పి తెల్లబెల్లం తెప్పించాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. రక్తం పడుతున్న మనిషికి నేను బెల్లం మార్చాను.

నెల తిరిగింది. బెల్లం తెల్లగానే ఉంది. ఉమ్మి రంగు మాత్రం మారలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్ పక్క హాల్లో క్షయ పరీక్షల క్యాంపు పెడుతున్నారని, ఇంటింటికీ తిరిగి దగ్గున్నవాళ్ళను పంపమని డ్యూటీ వేశారు. ఎన్ని రోజుల నుంచి దగ్గు, బరువు తగ్గారా, ఉమ్మిలో రక్తం ఉందా అని కాలనీ మొత్తాన్ని అడిగాను. నా ఇంట్లో మాత్రం అడగలేదు. నాకు నోరు పెద్దదని అందరూ అంటారు. ఆ నోరు నా గడప లోపల మూతబడిందని ఎవరికి తెలుసు? చివరి రోజు హాల్లో జనం పలచబడితే, ఒక పేరన్నా పెరుగుతుందని ఆయన్ని లాక్కుపోయాను. ఆ లాక్కుపోవడమే ఆయన్ని కాపాడింది. నా తెలివి కాదు.

అక్కడున్న నర్సు చిన్నపిల్ల. "ఉమ్మి ఏ రంగు పెద్దయ్యా?" అని అడిగింది.

"బెల్లం రంగు" అన్నాడు ఈయన దర్జాగా. "షిఫ్ట్ దిగినంక బెల్లం తినే అలవాటు బిడ్డా. కొంచెం బొగ్గు కూడ ఉంటది."

ఆ పిల్ల రాయడం ఆపి తలెత్తింది. "బాయి మాని మూడేండ్లాయె, బొగ్గు ఇంకెక్కడిది? బెల్లం కడుపులకు పోతది గని ఊపిరితిత్తులకు పోతదా పెద్దయ్యా?"

ముప్పై ఏళ్ళలో మా ఇద్దరికీ తట్టని మాట అది. సిగ్గుతో నా మొహం వేడెక్కింది.

చేతిలో పట్టుకునేంత చిన్న మిషన్‌తో ఎక్స్‌రే తీశారు. తీసిన నిమిషానికే పక్కనున్న కంప్యూటర్ మీద ఆయన రొమ్ము లోపల కనిపించింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆ మనిషి లోపల ఏముందో మొదటిసారి చూడటం అది. పక్కటెముకలు అటూ ఇటూ వరుసగా ఎంత పొందికగా ఉన్నాయో! మధ్యలో గుండె కాస్త ఎడమకు ఒరిగి ఉంది. రెండు పక్కలా ఊపిరితిత్తులు. బాయిలో ఇంత దుమ్ము, పైన ఇంత పొగ మింగి కూడా ఒక్క రోజు నాగా పెట్టకుండా పనిచేసినవి ఇవేనా అనిపించింది. నిజంగా చేతులు జోడించబుద్ధయింది. అప్పుడు ఆ నర్సు ఎడమవైపు పైన వేలు పెట్టింది. చింతగింజంత మచ్చ ఉంది అక్కడ.

ఉమ్మి పరీక్షలో క్షయ కాదని తేలింది. క్యాంపు డాక్టరు అంతటితో వదలకుండా ఖమ్మం పంపాడు. అక్కడ స్కాన్ తీశారు, వీపులోంచి సూది పెట్టి ముక్క తీశారు. క్యాన్సర్ అన్నారు. ఆ మాట విన్నప్పుడు మా ఆయన నా మొహం చూశాడు, నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసే డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుగుతున్న తెరకు తగిలించి చాలాసేపు చూశాడు. "చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. ఇంకెక్కడికీ పాకలేదు. తీసేయొచ్చు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపలే వేలెత్తాడు. "కానీ నాలుగు వారాలు ఒక్క బీడీ కూడా ముట్టకూడదు. ముట్టి వచ్చి బల్ల ఎక్కితే ఊపిరితిత్తికి ఇన్‌ఫెక్షన్ పట్టి, గండం గట్టెక్కడం కష్టం. ఆ తర్వాత కూడా అంతే. గడ్డ తీయడం నా పని. మళ్ళీ రాకుండా చూసుకోవడంలో చాలా వరకు మీ పని. ఇప్పుడు మానినా బతికే అవకాశం పెరుగుతుంది, ఆలస్యమైందని మాత్రం అనుకోకండి."

నాలుగు వారాలు. ఆ మాట పట్టుకుని ఇల్లు చేరాం. మొదటి రోజు సాయంత్రానికే బాత్‌రూమ్ వెనక పొగ వాసన. అరిచాను. మర్నాడు సైకిల్ సీటు కింద దొరికింది ఒక కట్ట. ఆ తర్వాత గోడకు వేలాడే పాత బాయి టోపీలో, బియ్యం డ్రమ్ము వెనక, చివరికి తులసికోట గూట్లో. నేను అరిచేకొద్దీ ఆయన దాచే తెలివి పెరిగింది. "చావాలని ఉంటే చెప్పు, నేనూ తాగుత నీతోని" అని ఒక రోజు ఒక బీడీ నోట్లో పెట్టుకున్నాను కూడా. ఆయన దాన్ని లాక్కుని పారేసి, గుమ్మంలో కూర్చుని పిల్లవాడిలా ఏడ్చాడు. "నాతోని కాదే. నాకు చాతనైతలేదు" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. వారం దండగైపోయింది. డాక్టరుకు ఫోన్ చేసి తేదీ వెనక్కి జరిపించాం. గడ్డ మాత్రం మా కోసం ఆగుతుందా అని నా ప్రాణం కొట్టుకుంది.

పొగ మాన్పించే అమ్మాయి ఒకామె ఖమ్మం దవాఖానాలో ఉందని ఆ క్యాంపు నర్సే చెప్పింది. వెళ్ళాం. నేను ఆయన నేరాల చిట్టా విప్పబోతే, ఆమె నన్ను చేత్తోనే ఆపింది. ఆయన్ని మాత్రం నింపాదిగా అడిగింది.

"బాయిల ఎన్నేండ్లు చేసిన్రు?"

"ముప్పై."

"లోపల ఎన్ని బీడీలు తాగేటోళ్ళు?"

ఆయనకు కోపం వచ్చింది. "లోపల తాగుడేందమ్మా? గ్యాస్ ఉంటది. మనుషులు చస్తరు."

"ఒక్కటి కూడ తాగలేదా? ముప్పై ఏండ్లల్ల?"

"ఒక్కటి కూడ."

"అంటే రోజుకు ఎనిమిది గంటలు బీడీ లేకుండ ఉన్నరు. మీకు మానుడు చాతగాదని ఎవరన్నరు పెద్దయ్యా? ముప్పై ఏండ్ల సంది రోజూ మానుతనే ఉన్నరు కదా."

   ఇన్నేళ్ళు ఆయన పక్కనే పడుకుని లేచిన నాకు కనిపించనిది, గంట పరిచయం లేని మనిషికి కనిపించింది.

"లోపల మరి నోరు గుంజదా?" అని అడిగింది.

"గుంజదు. దిగేటప్పుడే చెకింగ్ అయితది. ఇగ లేదంటే లేదు. మనసు అటు పోదు."

"ఆ చెకింగ్ చేసేటాయన కూడ రిటైర్ అయిండా?" అని ఆమె నవ్వి, నా వైపు తిరిగింది. "ఈ డ్యూటీ మీరు ఎక్కుతరా అమ్మా? తిట్టుడు ఉండదు. తడుముడే." నోరు గుంజినప్పుడు నమలడానికి బిళ్ళలు ఇచ్చింది. బంతులున్న ఊపిరి డబ్బా ఒకటి ఇచ్చింది. గొట్టంలోంచి గాలి పీలిస్తే లోపలి మూడు బంతులు ఒకటి తర్వాత ఒకటి లేవాలి. ఆ రోజు ఆయన పీలిస్తే ఒక్కటే లేచింది, అది కూడా సగమే.

మర్నాడు పొద్దున బాయి సైరన్ మోగింది. మా ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఇంటి బయట నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తాడు. నేను గడప మీద నిలబడి జేబులు తడిమాను, నడుము తడిమాను, తువ్వాలు దులిపాను. చొక్కా జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి ప్రహరీగోడ మీద పెట్టాను. "దిగు" అన్నాను. ఆయన తల వంచి లోపలికొచ్చాడు. ఇంటిని బాయి చేసుకున్నాం. సైరన్ మోగినప్పుడల్లా షిఫ్ట్ మారేది. "పైకి వస్తవా?" అని అడిగేదాన్ని. "డబుల్ డ్యూటీ చేస్త" అనేవాడు. రాత్రి పడుకోబోయే ముందు క్యాలెండర్ మీద టిక్కు పెట్టి, "మస్టర్ పడ్డది" అనేదాన్ని. బాయిలో హాజరును మస్టర్ అంటారు.

మొదట్లో ఆయనకు చేతులు వణికేవి. చెమటలు పట్టేవి. అన్నం గిన్నె విసిరేసిన రోజు కూడా ఉంది. నేను తిట్టలేదు. నేను తిట్టకుండా ఉండటం ఆయన బీడీ మానడం కన్నా తక్కువేం కాదని ఇప్పటికీ నా వాదన.

నాలుగో రోజు ఆయన పాత జతగాళ్ళు నలుగురు చూడ్డానికి వచ్చారు. గేటు దగ్గరే ఈయన ఆపాడు. "లోపలికి రావాలంటే చెకింగ్ ఉంటది" అన్నాడు. పరాచికం అనుకుంటారనుకున్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, బాయిలో పై కప్పు కూలినప్పుడు మా ఆయన్ని లోపల్నుంచి మోసుకొచ్చిన మనిషి, ముందుకొచ్చి నా ఎదుట చేతులెత్తాడు. "కానీ వదినా" అన్నాడు. వెనక ముగ్గురూ వరుసగా నిలబడ్డారు. నెరిసిన తలలు, పైకెత్తిన చేతులు. బొగ్గు దిగిన నీలి మచ్చలు ఆ ముంజేతుల మీద ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కరి జేబులూ తడిమాను. ప్రహరీగోడ మీద నాలుగు బీడీకట్టలు, నాలుగు అగ్గిపెట్టెలు వరుసగా పెట్టాను. ఒకరి ప్రాణం కోసం అందరూ నిప్పు బయట పెట్టి దిగే మనుషులు వీళ్ళు. నేను కాపురానికొచ్చింది ఎటువంటి మనుషుల మధ్యకో నాకు ఆ రోజు తెలిసింది. గుండె నిండిపోయింది.

మూడో వారం మా ఊరు పోవాల్సి వచ్చింది. మా అమ్మ పోయి ఏడాది. మా ఊళ్ళో పెద్దలకు పెట్టేటప్పుడు ఆకులో చుట్టిన పొగాకు కూడా పెడతారు. పెట్టినదాన్ని పెద్దకొడుకు ముట్టించి అల్లుడి చేతికిస్తే, అల్లుడు మొదటి దమ్ము పీల్చాలి. కాదంటే పోయినవాళ్ళను కాదన్నట్టే. వద్దందామంటే నేను ఆ ఇంటి ఆడపిల్లను, నా మాటకు అక్కడ విలువ లేదు. మా పెద్దన్న చుట్ట ముట్టించి ఈయన ముందు పట్టాడు. పొగ ఈయన మొహం మీదికే పోతోంది. ఈయన ముక్కుపుటాలు అదరడం నాకు కనిపిస్తోంది.

"బావా, నేను బాయిల ఉన్న" అన్నాడు.

అన్న అర్థంకాక చూశాడు. "ఏంది బావా?"

"బాయిల ఉన్నప్పుడు ముట్టిస్తే నేనొక్కణ్ణే కాదు పోయేది." నా వైపు చూపించాడు. "గా చెకింగ్ ఆమె కూడ పోతది."

అన్నకు బాయి తెలియదు, నేను తెలుసు. నన్ను చూశాడు. ఏం కనిపించిందో నా మొహంలో, ఆ చుట్టను మట్టిలో ఆర్పి మా అమ్మ పేరున ఆకులోనే పెట్టేశాడు. "అమ్మ ఏమనదులే" అన్నాడు. మా అమ్మ అనేదే, నాకు తెలుసు. కానీ అల్లుడంటే ఆమెకు ప్రాణం.

నాలుగు వారాలు పూర్తయ్యేసరికి డబ్బాలో రెండు బంతులు పూర్తిగా లేచాయి, మూడోది కదిలింది. ఆ మూడో బంతి కదిలినప్పుడు మేమిద్దరం ఒకేసారి అరిచాం. పక్కింటివాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. ఎడమ ఊపిరితిత్తిలో పై భాగం తీసేశారు. డాక్టరు బయటికొచ్చి, "మాట నిలబెట్టుకున్నాడు మీ ఆయన, అది లోపల నాకు తెలిసింది" అన్నాడు. ఊపిరితిత్తి ఏ రంగులో ఉందని అడిగాను. నల్లగా అన్నాడు, బొగ్గు అక్కడే ఉండిపోతుందట. మిగిలిన ముక్క మెల్లగా సాగి, తీసేసిన చోటు చాలా వరకు నింపుతుందని కూడా చెప్పాడు. పక్కవాడు రాకపోతే ఉన్నవాళ్ళే షిఫ్ట్ లాగినట్టు అనుకున్నాను. శరీరానికి ఇంత ఓర్పు ఎక్కడిదో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికి వచ్చిన రోజు గడప ముందు అలవాటు కొద్దీ నిలబడ్డాడు. కుడి చేయి లేచింది. ఎడమ చేయి భుజం దాకా కూడా రాలేదు. పక్కటెముకల మధ్య కోసి కుట్టిన గాయం అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. "సగం చెకింగే అయితది" అన్నాడు. రోజూ ఆ చేయి కొంచెం కొంచెం పైకెత్తించమని దవాఖానాలో చెప్పి పంపారు. ఇంకేం కావాలి నాకు? సెంటర్‌లో పిల్లల పొడవు కొలిచినట్టే, ద్వారబంధం మీద సుద్దముక్కతో ఆయన వేళ్ళు అందిన చోట గీత పెట్టాను. మర్నాడు ఇంకో గీత, దానిపైన ఇంకోటి. కొన్ని రోజులు గీత మీదనే గీత పడేది. అయినా పెట్టేదాన్ని.

దవాఖానావాళ్ళు ఒక తెల్ల చేతిరుమాలు జేబులో పెట్టుకోమన్నారు. దగ్గితే అందులో దగ్గి, రంగు చూసుకోమన్నారు. ఇకముందు కూడా కొన్ని నెలలకోసారి స్కాన్‌కు పోవాలి. మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వలేదు, మేము అడగనూ లేదు.

మొన్న సోమవారం పొద్దున సైరన్ మోగింది. ఆయన బయట నిలబడి చేతులెత్తాడు. నేను సుద్దముక్క పట్టుకుని చూస్తే ఎడమ చేయి కుడి చేతి పక్కకు వచ్చింది. రెండూ ద్వారబంధం పైకమ్మిని తాకాయి. పెళ్ళయిన కొత్తలో బాయి ముందు చూసిన మనిషి అచ్చం అట్లాగే నిలబడ్డాడు. ఆ రోజులాగే ఏడుపొచ్చింది నాకు. అయినా డ్యూటీ డ్యూటీయే. నడుము తడిమాను, తువ్వాలు దులిపాను, చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. లోపల చేతిరుమాలు తప్ప ఏమీ లేదు. రాత్రంతా అదే జేబులో ఉంది. రెండుసార్లు దగ్గడం నేను విన్నాను.

"జల్దీ చూడవే, చేతులు గుంజుతున్నయ్" అన్నాడు.

మడత విప్పి ఎండకు పట్టాను. నలుపు లేదు, బెల్లం రంగు లేదు. ఉతికి ఇచ్చినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది. దాన్ని మడిచి మళ్ళీ ఆయన జేబులో పెట్టి, "దిగు" అన్నాను.